ఉత్తరపు ఒడ్డుకు చేరాల్సిన ఇసుక

మాఘ శుద్ధ ఏకాదశి

పొద్దున్నే అలదువ్వెన గాలి ఒత్తిడి ఒక గీత పెంచాను. రాత్రి గాలికి వెండిరేవు పడమటి చివర ఇసుక కొట్టుకుపోయి అడుగున ఉన్న నల్లరాయి బయటపడింది. యాత్రికుల ఓడ వచ్చే రోజు రాయి కనబడకూడదు.

ఈ చిట్టాలో ఇన్నేళ్ళూ ఒత్తిడి, గాలి దిక్కు, పోటు ఎత్తు, గొట్టాల మరమ్మతు తప్ప ఇంకేమీ రాయలేదు. అలదువ్వెన కాపలాదారు రాయాల్సింది అంతే. ఇవాళ్టి నుంచి మిగతావి కూడా రాస్తాను. మనసులో పెట్టుకుని తిరగడం నా వల్ల కావడం లేదు.

మధ్యాహ్నానికి ఓడ దిగినవాళ్ళంతా మేడనగరాల మనుషులే. వాళ్ళ మేడల కింది అంతస్తుల్లో సముద్రం ఉంది. వాళ్ళకు సముద్రమంటే గోడను కొట్టుకునే నీళ్ళు, అంతే. ఒడ్డు అనేది పాత బొమ్మల్లో చూసినవాళ్ళు. చెప్పులు విప్పించి ఇసుక మీదికి తీసుకెళ్ళాను. ఎప్పటిలాగే కొందరు నవ్వారు, కొందరు అడుగు దిగబడగానే భయపడి వెనక్కి తీశారు. ఒకాయన కూర్చుని రెండు చేతులూ ఇసుకలో దూర్చి చాలాసేపు తీయలేదు.

హైమవతి అనే పెద్దావిడ మాత్రం చెప్పులు విప్పలేదు. సన్నటి మనిషి, తలంతా తెలుపు. అటూ ఇటూ చూసి, చిన్నతనంలో ఒకసారి ఈ గవ్వలంకకు వచ్చానని చెప్పింది. వాళ్ళ నాన్న ఓడలో పనిచేసేవాడట. అప్పుడు ఇక్కడన్నీ రాళ్ళేననీ, ఒడ్డు కొండకు అవతల ఉండేదనీ అంది.

"అటువైపు ఒడ్డు చాలా పెద్దది. నీళ్ళ దాకా నడవలేక మధ్యలో కూర్చుండిపోయాను. దాన్నొకసారి చూపిస్తారా?"

మొగలి పొదలు కమ్మేసి దారి మూసుకుపోయిందని చెప్పాను. దారి శుభ్రంగానే ఉంది. ఆ దారినే నేను తరచూ మా తమ్ముడి ఇంటికి భోజనానికి వెళతాను.

ద్వాదశి

యాత్రికులను తూర్పున గవ్వలొడ్డుకు తీసుకెళ్ళాను. రెండు గుట్టల మధ్య దోసిలంత ఒడ్డు అది. బాలబందితీగ ఊదారంగు పూలతో నీళ్ళ దాకా పాకి ఉంటుంది. గవ్వలు ఏరుకోవచ్చు, కానీ చూసి అక్కడే వదిలేయాలి. హైమవతి ఒక్కో గవ్వనూ ఎత్తి ఎండలో చూసి, తీసిన చోటే పెట్టింది. మళ్ళీ ఉత్తరపు ఒడ్డు గురించి అడిగింది. పొదలు నరికించాక చూద్దామన్నాను. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు.

ఇంటికి వచ్చేసరికి ఎల్లాజీ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మా తమ్ముడు. అమ్మ పోయినప్పుడు వాడు పాలు మానని పిల్లాడు, నేనే పెంచాను. ఇప్పుడు ఉత్తరపు ఒడ్డున ఉన్న అయిదిళ్ళలో ఒకటి వాడిది. నాకోసం చేపలు తెచ్చాడు. పెరటి కొబ్బరిచెట్లలో ఇంకొకటి సముద్రంలోకి ఒరిగిందట. వంటింటి గోడకు అడ్డంగా పాతడానికి సరుగుడు కర్రలు కావాలన్నాడు. నా దగ్గరున్నవన్నీ ఇచ్చాను. మోపు భుజానికెత్తుకుని, నువ్వు ఉండబట్టి సరిపోయిందక్కా అని వెళ్ళిపోయాడు.

ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

అలదువ్వెన అంటే వెండిరేవుకు ఎదురుగా నీటి అడుగున పరిచిన గొట్టాల వరస. వాటిలోంచి గాలిబుడగలు గోడలా లేస్తాయి. వాటిని దాటేసరికి అలకు జోరు తగ్గుతుంది, మోసుకొస్తున్న ఇసుకను అక్కడే దించేస్తుంది. అలా రాళ్ళగుట్టను ఒడ్డు చేశాను. ఒడ్డును చూడ్డానికి ఓడ రావడం మొదలైంది. ఓడలో బియ్యం, మందులు, ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే యంత్రానికి జల్లెడలు వస్తాయి. పోయిన ఏడు లచ్చిమి, అంటే ఎల్లాజీ భార్య, కాన్పులో ప్రాణం మీదికి తెచ్చుకున్నప్పుడు తల్లినీ పిల్లనూ బతికించింది ఆ ఓడ డాక్టరే.

కానీ ఆ ఇసుక ఎక్కడికో వెళుతున్న ఇసుక. ఎప్పటినుంచో దక్షిణం నుంచి కొండను చుట్టుకుని ఉత్తరపు ఒడ్డుకు చేరే ఇసుక. పోయిన వానాకాలంలో గాలియంత్రం పాడై దువ్వెన కొన్నాళ్ళు ఆగిపోయింది. ఆ కొన్నాళ్ళలో ఎల్లాజీ పెరటి ముందు కొత్త ఇసుక మేట వేసింది. వాళ్ళు సంబరపడ్డారు. నేను యంత్రం బాగుచేశాను. మేట కరిగిపోయింది. ఆ రెంటికీ ఉన్న ముడి ఈ లంకలో నాకొక్కదానికే తెలుసు.

తెలిసి కూడా నిన్న పొద్దున ఒక గీత పెంచాను.

త్రయోదశి

సాయంత్రం పడమటి ఒడ్డున సూర్యాస్తమయం చూపించే వంతు. మనుషులను చూసుకుంటే హైమవతి లేదు. రేవులో ఎల్లాజీని పలకరించి, అటువైపు తీసుకెళ్ళమని అడిగిందట. వాడు సంతోషంగా పడవ ఎక్కించుకున్నాడు. యాత్రికులను ఓడ మనిషికి అప్పగించి కొండదారిన పరుగెత్తాను.

నేను చేరేసరికి ఆవిడ ఎల్లాజీ పెరట్లో నిలబడి ఉంది. పెరడు అక్కడికే తెగిపోయి ఉంది. దాని కింద ఎర్రమట్టి కోత, కోతలోంచి వేలాడే కొబ్బరివేళ్ళు, కిందనే నీళ్ళు. ఒడ్డు అనడానికి ఏమీ లేదు. లచ్చిమి పిల్లను చంకనేసుకుని ఆవిడకు కొబ్బరినీళ్ళు ఇస్తోంది.

"ఇక్కడి ఇసుకంతా ఎటు పోయింది?" అని ఆవిడ అడిగింది. అడిగినప్పుడు నా వైపు చూసింది.

సమాధానం ఎల్లాజీ చెప్పాడు.

"నాదే తప్పమ్మా. గంగమ్మ పండగ కాకుండానే పడవ దించీసినాను. అప్పుడు ఇది కడుపుతో ఉంది, ఇంట్లో గింజల్లేవు. మరేటి సేత్తాను? అప్పట్నుంచే అమ్మ ఒడ్డు తీసుకుపోతంది." మాతో పాటు ఈ నాలుగిళ్ళవాళ్ళకీ తిప్పలు తెచ్చీసినాను అన్నాడు. లచ్చిమి తల దించుకుంది.

అమ్మ కోపం తగ్గాలని వాడు ఏం చేశాడో కూడా చెప్పాడు. ఏడాదంతా అల్లుకున్న కొత్త వలను పసుపు కుంకుమలు పెట్టి సముద్రంలో వదిలేశాడు. జాలరివాడు వలను వదులుకోవడమంటే ఏమిటో ఆవిడకు తెలియకపోవచ్చు. ఆ రోజు నేనూ ఉన్నాను. వల బరువుగా ఉందని రెండో చివర నన్ను పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. ఇద్దరం కలిసి నీళ్ళలోకి వదిలాం. వాడు లెంపలేసుకుంటుంటే పక్కన నిలబడి చూశాను.

తిరుగుదారిలో హైమవతి నన్నేమీ అడగలేదు. మొగలి పొదలు అడ్డంలేని దారిలో మెల్లగా నడిచింది. అడిగి ఉంటే బాగుండేది.

చతుర్దశి

పొద్దున ఒత్తిడి ఒక గీత తగ్గించాను. చెప్పే ధైర్యం లేక, చెప్పకుండానే సర్దుదామనుకున్నాను. మధ్యాహ్నానికి వెండిరేవులో రాళ్ళు తేలాయి. ఒకావిడ కాలి బొటనవేలు చితికింది. ఓడ మనిషి మర్యాదగానే మాట్లాడాడు. ఒడ్డు ఇలాగే ఉంటే వచ్చే ఏడు యాత్రికులను వేరే లంకకు తీసుకెళ్ళాల్సి వస్తుందన్నాడు.

నీళ్ళ జల్లెడలు గుర్తొచ్చాయి. ఊపిరాడని జబ్బుతో ఓడ మందు మీదే బతుకుతున్న మా గరగయ్య పెద్ద గుర్తొచ్చాడు. ఇవన్నీ నిజాలే. కానీ వాటితో పాటు ఇంకొకటి కూడా నిజం. నేను చేసిన ఒడ్డును ఒక మనిషి తప్పుపట్టాడని నాకు రోషం వచ్చింది.

రెండు గీతలు పెంచాను.

పౌర్ణమి

పున్నమి పోటు. గాలి ఈశాన్యం.

వెండిరేవు తెల్లగా, నున్నగా ఉంది. యాత్రికులు పరుగుపందేలు పెట్టుకున్నారు. మధ్యాహ్నం దాటాక కొండమీంచి కేకలు వినబడ్డాయి. ఎల్లాజీ వంటింటి కింద మట్టి జారి గోడ పడిపోయింది. పొయ్యి దగ్గరున్న లచ్చిమి కాలు గోడ కింద చిక్కుకుంది. పిల్ల ముందు గదిలో నిద్రపోతోంది కాబట్టి సరిపోయింది.

నేనిచ్చిన సరుగుడు కర్రలు ఒక్కటీ నిలవలేదు.

నలుగురు మోసుకొస్తే ఓడ డాక్టరు కాలుకు కట్టు కట్టాడు. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది, మళ్ళీ మునుపటిలా నడుస్తుందో లేదో చెప్పలేనన్నాడు. ఎల్లాజీ గది బయట నేల మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీ ఓడ ఉండబట్టి గదా అక్కా. లేకపోతే ఏటైపోదుమో."

చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను. అలాగే ఉంచి కూర్చున్నాను.

బహుళ పాడ్యమి

వాళ్ళు ముగ్గురూ మా ఇంట్లోనే ఉన్నారు. లచ్చిమికి గంజి తాగించాను. వదినా, నీకు ఎంత శ్రమ పెట్టేస్తున్నానో అంది. ఎల్లాజీ పొద్దున్నుంచి ఏమీ తినలేదు. గంగమ్మకు ఒక్కపొద్దు మొక్కుకున్నాడట. లచ్చిమి లేచి నడిచేదాకా రోజుకు ఒక్కపూటే తింటాడట. నేను వండిన అన్నం ముందు వాడు అన్న మాట అది.

పొయ్యి మీద చేపల పులుసు అలాగే చల్లారిపోయింది.

బహుళ తదియ

చెప్పేశాను.

వాడు వెండిరేవులో నాతోపాటు ఇసుక చదును చేస్తున్నాడు. ఊరికే తినడం ఎందుకని తనే గొర్రు అందుకున్నాడు. యాత్రికులు గవ్వలొడ్డుకు వెళ్ళారు. ఎండ బాగా ఉంది. వాడి వీపు మీది చెమట చూస్తుంటే ఇంక ఆగలేకపోయాను.

"ఎల్లాజీ, గంగమ్మకి నీ మీద ఏ కోపమూ లేదురా. మీ ఒడ్డుకి రావలసిన ఇసుక నేను ఇక్కడ ఆపేస్తున్నాను."

వాడికి మొదట అర్థం కాలేదు. బుడగల గోడను చూపించాను. అల ఎక్కడ ఇసుక దించుతుందో, దించకపోతే కొండ చుట్టూ ఎలా వెళ్ళేదో, వానాకాలంలో వాళ్ళ పెరటి ముందు మేట ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో చెప్పాను. పౌర్ణమికి ముందు రోజు రెండు గీతలు పెంచిన సంగతి కూడా చెప్పాను. వాడు గొర్రు ఇసుక మీద పడుకోబెట్టి నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"వానాకాలం నుంచి."

"అయితే వల ఇడిసిన నాటికి తెలుసు."

"తెలుసు."

"ఆ సివర నువ్వే పట్టుకున్నావు."

అంతే. అరుస్తాడనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను. వాడు ఇసుకలోంచి కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ, నిప్పుల మీద నడిచినట్టు నడిచి గట్టెక్కాడు. సాయంత్రం లోపల లచ్చిమిని తలుపుచెక్క మీద పడుకోబెట్టి వాళ్ళ పిన్ని ఇంటికి మోసుకుపోయారు. వెళ్ళేటప్పుడు లచ్చిమి నా వైపు చూడలేదు. పిల్ల మాత్రం నాకోసం చేతులు చాచింది.

బహుళ చవితి

పడవల కొట్టం దగ్గర ఊరంతా కూడింది. నేనే గరగయ్య పెద్దను అడిగి కూడేయించాను. ఎల్లాజీకి చెప్పినదే అందరికీ చెప్పాను. దువ్వెన ఆపితే వెండిరేవు పోతుందనీ, ఓడ రాదనీ, మందులూ జల్లెడలూ ఉండవనీ కూడా చెప్పాను.

నన్ను తిట్టినవాళ్ళు తిట్టారు. తరువాత మాట మారింది. ఉత్తరాన ఉన్నవి అయిదిళ్ళే గదా, వాళ్ళను ఇటు తెచ్చుకుందామని ఒకరన్నారు. లంకంతా దాహంతో చావాలా అని ఇంకొకరు. అలా అన్నవాళ్ళ ముఖాలు చూశాను. నిన్నటిదాకా నా ముఖం అలాగే ఉండి ఉంటుంది. చెప్పేస్తే బరువు దిగుతుందనుకున్నాను. అది దిగలేదు, అందరి మీదికీ పాకింది.

చివరికి, ఇల్లు పోయినవాడు ఎల్లాజీ కాబట్టి వాడి మాటే ఖాయమన్నారు.

"నన్నడక్కండి," అన్నాడు ఎల్లాజీ. "ఆపమంటే మీ పిల్లలకి నీళ్ళు లేకుండా సేసినోణ్ణి నానౌతాను. ఉంచమంటే నా పెళ్ళాం కాలు నానే ఇరిసినట్టు. ఇన్నాళ్ళూ అక్కే గదా తేల్చింది. ఇప్పుడూ ఆవిడ్నే తేల్చమనండి, మనందరి ముందర."

అందరూ నా వైపు తిరిగారు. ఆపుదామన్నాను. కొండవాలులో వాననీటి గుంటలు తవ్వాలనీ, అవి సరిపోతాయని మాత్రం మాట ఇవ్వలేననీ చెప్పాను.

గరగయ్య పెద్ద దగ్గుతూ ఊపిరి కూడదీసుకున్నాడు. ఓడ మందు ఆగితే ముందుగా ఎవరికి కష్టమో ఆయనకు తెలుసు.

"ఆపీమ్మా," అన్నాడు.

బహుళ పంచమి

ఓడ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఒక్కొక్కరికీ రేకుడబ్బీలో గుప్పెడు ఇసుక ఇవ్వడం ఆనవాయితీ. నిన్నటి సంగతి హైమవతి చెవిన కూడా పడింది. డబ్బీ తీసుకుని, ఇది అటువైపు ఇసుకేనా అని అడిగింది. అవునన్నాను. మూత తీయకుండానే డబ్బీ నా చేతిలో పెట్టింది.

"నాకు వద్దమ్మా. చేరాల్సిన చోటికి చేర్చండి."

ఓడ కనుమరుగయ్యాక గాలియంత్రం ఆపేశాను. ఇన్నేళ్ళుగా చెవుల్లో ఉన్న రొద ఒక్కసారిగా పోయింది. కొండదారిన ఉత్తరానికి వెళ్ళి, కూలిన వంటింటి పక్కన నిలబడి డబ్బీ వంచాను. ఇసుక నీళ్ళలో పడ్డ చప్పుడు కూడా కాలేదు.

ఫాల్గుణ శుద్ధ దశమి

దువ్వెన ఆగే ఉంది. రాయడానికి ఒత్తిడి లేదు. వెండిరేవులో సగం రాళ్ళే.

ఓడ వచ్చింది. యాత్రికులను దించలేదు. ఓడ మనిషి ఒక్కడే చిన్న పడవలో వచ్చి రాళ్ళను చూశాడు. ఎందుకు ఆపారని అడిగాడు, చెప్పాను. తలూపాడు. తన చేతిలో ఉన్నంతవరకు అంటూ కొన్ని బియ్యం బస్తాలు దించి వెళ్ళిపోయాడు. జల్లెడలు తేలేదు. మందులు తేలేదు.

రోజంతా గుంటలు తవ్వుతున్నాం. నా పక్కన తవ్వడానికి ఎవరూ రావడం లేదు. నా గుంట నేనే తవ్వుకుంటున్నాను.

చైత్ర బహుళ సప్తమి

గరగయ్య పెద్ద పొద్దున పోయాడు. ఊపిరి అందక మూడు రోజులు కూర్చునే ఉన్నాడు. నిన్న నేను వెళితే, గుంటల్లో నీరు నిలిచిందా అని అడిగాడు. మొన్నటి వానకు నిలిచిందని చెప్పాను. సంతోషించాడు. ఆయన సంతోషించడం నాకు భరించరాకుండా అయింది.

యంత్రం నీళ్ళు ఉప్పగానే వస్తున్నాయి. ఇంటికి రెండు బిందెల వాననీరు చొప్పున పంచుకుంటున్నాం. వరసలో నేను నిలబడితే మాటలు ఆగిపోతాయి. ఆపకుండా ఉంటే లచ్చిమి కాలు, ఆపితే గరగయ్య పెద్ద ఊపిరి. ఏది తక్కువ పాపమో తూచి చూద్దామని మొదట్లో అనుకునేదాన్ని. ఇప్పుడు తూచడం మానేశాను. రెండూ నావే.

వైశాఖ శుద్ధ షష్ఠి

ఉత్తరపు ఒడ్డున ఇసుక చేరిందని విన్నాను. వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. మధ్యాహ్నం లచ్చిమి పిన్ని వచ్చి గుమ్మంలోంచే చెప్పింది, లచ్చిమి రమ్మంటోందని.

ఆటు సమయం. ఎర్రమట్టి కోత కింద పడవ వెడల్పున తెల్లటి ఇసుక పట్టీ. ఎల్లాజీ ఇల్లు లేదు, మొండిగోడలే. మిగిలిన నాలుగిళ్ళు నిలబడ్డాయి. లచ్చిమి కోత కింద రాయి మీద కూర్చుని ఉంది. కాలు వంకరగా అతుక్కుంది. ఎల్లాజీ కొంచెం దూరంలో పడవ మీద ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

ఇసుక అంచుకు వచ్చి ఆగాను. దాని మీద అడుగు పెట్టవచ్చో లేదో తెలియలేదు.

"రా," అంది లచ్చిమి. "ఇసకలో నడిస్తే కాలుకి బలమొస్తాదంట. పట్టుకోడానికి మనిషి కావాల. ఆయన వేటకి పోవాల, పిన్నికి నడుం నొప్పి."

దగ్గరికి వెళ్ళాను. నోరు తెరవబోతే ఆపింది.

"ఏటీ సెప్పకు వదినా. నీ మీద కోపం పోలేదు. పోతాదో లేదో నాకు తెల్దు. పట్టుకో ముందు."

చంక కింద చెయ్యి వేసి లేపాను. మొదటి అడుగుకే కాలు మడత పడింది. పళ్ళు బిగించి, నా మెడ చుట్టూ చెయ్యి వేసి, తన బరువంతా నా మీద మోపింది. ఇద్దరం కలిసి నీళ్ళ అంచు వెంట నడవడం మొదలుపెట్టాం. ఈ చివర నుంచి ఆ చివరకు చేరేసరికి నా భుజం పడిపోయింది.

"ఇంకోసారి," అంది లచ్చిమి.

వెనక్కి తిరిగాం.